ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి: సొంత రిపో, పీపీఏ, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా పిన్ని కొడుకు తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. "అన్నా, అప్‌డేట్ కొడితే ఎర్రర్లు వస్తున్నాయి. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ కావడం లేదు" అన్నాడు. ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారదామని రెండుసార్లు ప్రయత్నించాడట, రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయిందట. పండగ సెలవులు అయిపోగానే ల్యాబ్ పరీక్షలు, అదొక టెన్షన్. సోర్సుల ఫోల్డర్ తెరిచి చూశాను. ఉబుంటు సొంత రిపోలు (సాఫ్ట్‌వేర్ దించుకునే సర్వర్లు, వీటినే సోర్సులు అంటారు) కాకుండా బయటివి పదకొండు ఉన్నాయి. ఒక్కోటీ చూపించి ఇదెందుకు కలిపావురా అని అడిగితే నాలుగింటికి జవాబు చెప్పాడు. మిగతా ఏడూ ఏవో వీడియోల్లో చెప్పారని టెర్మినల్‌లో పేస్ట్ చేసి పాస్‌వర్డ్ కొట్టినవి.

వాడిని ఏమనాలి? ఏ సాఫ్ట్‌వేర్ బాగుంటుందో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. అదే సాఫ్ట్‌వేర్ నాలుగైదు చోట్ల దొరుకుతుంటే ఏ చోటి నుంచి తెచ్చుకుంటే మంచిదో చెప్పేవాళ్లు తక్కువ. ఆ రోజు సాయంత్రం వాడి పక్కన కూర్చుని చెప్పిన మాటలే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. ఉబుంటు 24.04ను ముందు పెట్టుకుని చెబుతాను. లినక్స్ మింట్ 22 దాని మీదే కట్టినది కాబట్టి చాలా వరకు దానికీ వర్తిస్తుంది, తేడా ఉన్నచోట చెబుతాను.

సోర్స్ కలిపితే ఏం జరుగుతుంది

ఉబుంటులో ప్రోగ్రాములు డెబ్ ప్యాకేజీ అనే మూటగా వస్తాయి. అది ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అందులోని ఫైళ్లు మన డిస్క్ మీదికి రావడంతో పని అయిపోదు. ప్యాకేజీ తయారుచేసినవాళ్లు లోపల కొన్ని స్క్రిప్టులు పెట్టవచ్చు. అవి రూట్ హక్కులతో నడుస్తాయి. అంటే మన కంప్యూటర్‌లో అవి చేయలేని పని అంటూ ఉండదు. రిపో కలపడమంటే ఆ రిపో నడిపేవాళ్ల చేతికి ఇంటి తాళాలు ఇవ్వడమే. ఈ రోజు ఒక్కసారికి ఇవ్వడం కూడా కాదు, తీసేసేదాకా ఇచ్చి ఉంచడం. ప్రతి అప్‌డేట్‌కూ వాళ్లు మళ్లీ లోపలికి వస్తారు.

రెండో సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. ఒక ప్రోగ్రామ్ కోసం రిపో కలిపితే, ఆ రిపోలో ఉన్న మిగతా ప్యాకేజీలన్నీ కూడా మన సిస్టమ్‌కు పోటీదార్లవుతాయి. ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ అనే సాధనం మామూలుగా ప్రతి సోర్స్‌కూ 500 అనే ఒకే ప్రాధాన్యం ఇస్తుంది. ప్రాధాన్యం సమానమైతే ఎక్కువ వెర్షన్ నంబర్ ఉన్నది గెలుస్తుంది. మనం వీడియో ఎడిటర్ కోసం కలిపిన రిపోలో ఒక కోడెక్ లైబ్రరీ (వీడియోలు తెరవడానికి చాలా ప్రోగ్రాములు పంచుకునే కోడ్) కొత్త వెర్షన్ ఉంటే, ఉబుంటు పరీక్షించి ఇచ్చిన లైబ్రరీ స్థానంలో అది వచ్చి కూర్చుంటుంది. ఆ లైబ్రరీ మీద ఆధారపడ్డ ఇతర ప్రోగ్రాములకు ఏమవుతుందో రిపో పెట్టినవాళ్లు చూసి ఉండకపోవచ్చు.

అందుకే నేను ఏ సోర్స్ గురించి అయినా రెండే ప్రశ్నలు వేసుకుంటాను. ఎవరు నడుపుతున్నారు? నేను ఈ కంప్యూటర్ వాడినన్నాళ్లూ వాళ్లు దాన్ని చూసుకుంటారా? వెర్షన్ నంబర్ ఎంత కొత్తది అన్నది ఆ తర్వాతే.

ముందు ఇంట్లో ఉన్నది చూడండి

ఉబుంటు సొంత రిపోలో నాలుగు విభాగాలున్నాయి. మెయిన్‌లో ఉన్నవి కెనానికల్ సంస్థ స్వయంగా చూసుకునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. రెస్ట్రిక్టెడ్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ల లాంటి, సోర్స్ కోడ్ ఇవ్వనివి ఉంటాయి. యూనివర్స్ అన్నిటికంటే పెద్దది, దీన్ని సముదాయం నిర్వహిస్తుంది. మల్టీవర్స్‌లో కాపీరైట్ లేదా చట్టపరమైన ఆంక్షలు ఉన్నవి పెడతారు. వీఎల్‌సీ, జింప్ లాంటి మనం రోజూ వాడేవి చాలా యూనివర్స్‌లోనే ఉన్నాయి.

తెలుగువాళ్లకు యూనివర్స్ విలువ ఇంకొంచెం ఎక్కువ. పోతన, వేమన ఫాంట్లు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో వస్తాయి. టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కావాలన్నవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్లకు ఆర్‌టీఎస్ దొరుకుతాయి. లిబ్రే ఆఫీస్ తెలుగు మెనూలు, అక్షరదోషాలు పట్టే హన్‌స్పెల్ తెలుగు నిఘంటువు, స్కాన్ చేసిన తెలుగు పేజీని అక్షరాలుగా మార్చే టెసెరాక్ట్ తెలుగు డేటా, ఇవన్నీ ఉబుంటు రిపోల్లోనూ, ఉబుంటుకు మూలమైన డెబియన్ రిపోల్లోనూ ఉన్నాయి. వీటి కోసం బయటి సోర్స్ కలపమని ఎవరైనా చెబితే ఒక్కసారి ఆగి, ముందు ఇక్కడ వెతకండి.

యూనివర్స్‌లో ఒక లోటు ఉంది. మెయిన్‌కు 24.04లో 2029 వరకు భద్రతా సవరణలు తప్పనిసరిగా వస్తాయి. యూనివర్స్‌కు ఆ హామీ లేదు. సముదాయంలో ఎవరైనా సవరిస్తే వస్తుంది, లేకపోతే లేదు. దీనికి కెనానికల్ ఇచ్చే దారి ఉబుంటు ప్రో. సొంత వాడకానికి 5 కంప్యూటర్ల దాకా ఉచితం. అకౌంట్ తెరిచి టోకెన్ ఇస్తే యూనివర్స్ ప్యాకేజీలకూ సవరణలు వస్తాయి, మొత్తం గడువు పదేళ్లకు పెరుగుతుంది. అకౌంట్ తెరవడం ఇష్టం లేనివాళ్ల అభ్యంతరం నాకు అర్థమవుతుంది. అయినా ఇంట్లో నాన్నగారికో అత్తయ్యకో ఉబుంటు పెట్టి ఇచ్చి, ఏడాదికి ఒకసారి మాత్రమే చూసే పరిస్థితి ఉంటే ప్రో ఆన్ చేసి ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

విభాగాలతో పాటు సూట్లు అని ఉంటాయి. 24.04 ముద్దుపేరు నోబుల్ కాబట్టి నోబుల్, నోబుల్-అప్‌డేట్స్, నోబుల్-సెక్యూరిటీ, నోబుల్-బ్యాక్‌పోర్ట్స్ అని కనిపిస్తాయి. మొదటి మూడూ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. బ్యాక్‌పోర్ట్స్ ఆన్‌లో ఉన్నా భయం లేదు, దానికి ప్రాధాన్యం 100 మాత్రమే. మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప అందులోంచి కొత్తగా ఏదీ రాదు. ప్రపోజ్డ్ అనే ఇంకొకటి ఉంటుంది, పరీక్షలో ఉన్న ప్యాకేజీలు అందులోకి వస్తాయి. దాని జోలికి పోవద్దు.

ఎందుకు వద్దంటున్నానో ఒక సంఘటన చెబుతాను. 2024 మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగ తలుపు పెట్టారని బయటపడింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) అరసెకను ఆలస్యమవుతోందని అనుమానించి తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ దాన్ని పట్టుకున్నాడు. అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ దాకా వెళ్లాయి. ఉబుంటులో విడుదల కావాల్సిన 24.04 ప్రపోజ్డ్ సూట్‌లోకి చేరాయి, దాంతో బీటాను వారం వాయిదా వేశారు. డెబియన్ స్టేబుల్, అప్పటికే విడుదలైన ఉబుంటులు వాడేవాళ్లకు ఏమీ కాలేదు. పాత వెర్షన్ అని మనం విసుక్కునే ఆ ఆలస్యం వల్లే వాళ్లు బయటపడ్డారు.

మిర్రర్ మార్చాలా?

మిర్రర్ అంటే ఉబుంటు రిపోకు వేరే సర్వర్‌లో ఉంచిన నకలు. దీని గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భారతదేశం ఎంచుకుంటే ఉబుంటు మామూలుగా 'ఇన్' అనే అక్షరాలతో మొదలయ్యే మన దేశపు చిరునామా పెడుతుంది. డౌన్‌లోడ్ నెమ్మదిగా ఉంటే సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్ తెరిచి, డౌన్‌లోడ్ ఫ్రమ్ అన్నచోట అదర్ నొక్కి, సెలెక్ట్ బెస్ట్ సర్వర్ కొట్టండి. అదే పరీక్షించి వేగమైనది చూపిస్తుంది. మింట్‌లో సాఫ్ట్‌వేర్ సోర్సెస్‌లో ఇలాంటి వేగ పరీక్షే ఉంది. హైదరాబాద్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్న ల్యాప్‌టాప్‌తో చదువుకు డల్లాస్ వెళ్లిన పిల్లలు అక్కడికి వెళ్లాక ఇది ఒక్కసారి చేసుకుంటే చాలు.

మిర్రర్ నడిపేవాళ్లు ఎవరో తెలియదే, నమ్మొచ్చా అని కొందరు అడుగుతారు. ప్యాకేజీల జాబితా మీద ఉబుంటు సంతకం ఉంటుంది, ఆ జాబితాలో ప్రతి ప్యాకేజీకీ వేలిముద్ర లాంటి హ్యాష్ ఉంటుంది. మధ్యలో ఎవరైనా మారిస్తే ఆప్ట్ ఒప్పుకోదు. మిర్రర్ చేయగలిగిన చెడు ఆలస్యంగా అప్‌డేట్ కావడం. అందుకే సెక్యూరిటీ సూట్ మాత్రం ఉబుంటు సొంత సెక్యూరిటీ సర్వర్ నుంచే వచ్చేలా విడిగా రాసి ఉంటుంది. మిర్రర్ మార్చేటప్పుడు ఆ భాగాన్ని కదిలించకండి.

కంపెనీ సొంత రిపో, ఎవరో ఒకరి పీపీఏ

ఈ రెండూ ఆప్ట్‌కు ఒకేలా కనిపిస్తాయి. నమ్మకం విషయంలో చాలా తేడా ఉంది.

కంపెనీ లేదా ప్రాజెక్టు తన సాఫ్ట్‌వేర్‌ను తనే రిపోలో పెట్టి ఇచ్చేది ఒక రకం. గూగుల్ క్రోమ్ డెబ్ ఫైల్ ఇన్‌స్టాల్ చేస్తే అది తన రిపోను తనే కలుపుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ కోసం మొజిల్లా, డాకర్ కోసం డాకర్ సంస్థ ఇలాగే ఇస్తాయి. మీరు ఎలాగూ ఆ ప్రోగ్రామ్‌ను నమ్మి నడుపుతున్నారు. తయారుచేసినవాళ్ల నుంచే నేరుగా తెచ్చుకుంటే కొత్తగా నమ్మాల్సిన మనిషి మధ్యలో ఎవరూ రారు. అప్‌డేట్లు కూడా వెంటనే వస్తాయి. ఒక్కో బ్రౌజర్‌కో ఎడిటర్‌కో ఇలాంటి రిపో కలపడంలో నాకు అభ్యంతరం లేదు.

పీపీఏ అంటే లాంచ్‌ప్యాడ్ సైట్‌లో ఎవరైనా తెరుచుకోగల సొంత ప్యాకేజీ భాండాగారం. ఎవరైనా అన్న మాటను అక్షరాలా తీసుకోండి. సోర్స్ కోడ్ పంపితే లాంచ్‌ప్యాడ్ దాన్ని బిల్డ్ చేసి సంతకం పెడుతుంది. లోపల ఏముందో ఉబుంటు వాళ్లు కూర్చుని పరిశీలించరు. సంతకం ఉంది కదా అని ఊరట పడకూడదు, ఆ సంతకం ఆ పీపీఏ నుంచే వచ్చిందని మాత్రమే చెబుతుంది. కొన్ని పీపీఏలు ప్రాజెక్టులవే. ఓబీఎస్ స్టూడియో ప్రాజెక్టు ఉబుంటు వాడేవాళ్లకు తన పీపీఏనే సూచిస్తుంది. అలాంటిది కంపెనీ రిపోతో సమానం. ప్రాజెక్టు సొంత సైట్‌లో ఆ పీపీఏ పేరు రాసి ఉందా అని చూడటమే పరీక్ష.

ఎవరో ఒక ఔత్సాహికుడు నడిపే పీపీఏ వేరు. వాళ్లు చెడ్డవాళ్లని అనడం లేదు, చాలామంది తమ సమయం పెట్టి మనకు మేలు చేస్తున్నారు. కాని ఉద్యోగం మారుతుంది, పిల్లలు పుడతారు, ఆసక్తి తగ్గుతుంది. కొన్నేళ్ల క్రితం నేను గ్రాఫిక్స్ లైబ్రరీల కొత్త వెర్షన్ల కోసం ఒకరి పీపీఏ కలిపాను. ఏడాది పాటు బాగా పనిచేసింది. తర్వాత దాన్ని చూసేవారు ఆపేశారు. నా కంప్యూటర్‌లో మాత్రం ఆ లైబ్రరీలు అలాగే ఉండిపోయాయి, వాటి నంబర్లు ఉబుంటు వాటికంటే ఎక్కువ కాబట్టి ఉబుంటు సవరణలు వాటి మీదికి రాలేదు. కొత్త విడుదలకు మారిన రోజు లాగిన్ స్క్రీన్ రాలేదు. మర్నాడు ఉదయం ఇవ్వాల్సిన పని ఒకటి అందులో ఉంది. రాత్రంతా లైవ్ యూఎస్‌బీ పెట్టి ఫైళ్లు బయటికి తీసుకున్నాను. అప్పటి నుంచి లైబ్రరీలు, డ్రైవర్లు, కెర్నల్ లాంటి పునాది రాళ్లను ఒంటరి మనిషి పీపీఏ నుంచి తెచ్చుకోవడం మానేశాను. ఎవరడిగినా వద్దనే చెబుతాను.

కలిపిన పీపీఏను తీసేయడానికీ ఒక పద్ధతి ఉంది. సోర్స్ ఫైల్ చెరిపేస్తే ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలు పోవు. పీపీఏ-పర్జ్ అనే చిన్న సాధనం ఉంది, అది సోర్స్‌ను ఆపి, దాని నుంచి వచ్చిన ప్యాకేజీలను ఉబుంటు వెర్షన్లకు వెనక్కి తెస్తుంది. ఉబుంటు ఒక విడుదల నుంచి ఇంకోదానికి మారేటప్పుడు బయటి సోర్సులను తనే ఆపేస్తుంది, అందువల్ల సమస్య తీరిందనుకుంటారు. ప్యాకేజీలు లోపలే ఉంటాయి కాబట్టి గొడవ అక్కడే మొదలవుతుంది. మారకముందే పర్జ్ చేయాలి.

రిపో సంతకాన్ని సరిచూసే కీ విషయంలో ఒక మాట. పాత సూచనల్లో ఆప్ట్-కీ యాడ్ అనే కమాండ్ కనిపిస్తుంది. అలా చేర్చిన కీని, ఫలానా కీనే నమ్మమని విడిగా రాసి లేని సోర్సులన్నిటికీ ఆప్ట్ నమ్ముతుంది. అలా రాసి లేకపోతే, ఏదో ఆట కోసం చేర్చిన కీ గలవాళ్లు ఉబుంటు ప్యాకేజీల పేరుతోనే సంతకం పెట్టి పంపగలరు. ఇప్పటి పద్ధతిలో కీని ఈటీసీ లోపల ఆప్ట్ ఫోల్డర్‌లోని కీరింగ్స్‌లో పెట్టి, సోర్స్ ఫైల్‌లో సైన్డ్-బై అనే వరుస రాస్తారు. ఆ కీ ఆ ఒక్క రిపోకే పనికొస్తుంది. 24.04లో సోర్సులు 'డాట్ సోర్సెస్' అనే కొత్త రూపంలో ఉంటాయి. టైప్స్, యూఆర్ఐస్, సూట్స్, కాంపొనెంట్స్, సైన్డ్-బై అని ఒక్కో వరుసలో ఒక్కో సంగతి చదువుకునేలా రాసి ఉంటుంది. పీపీఏ కలిపితే కీ కూడా ఆ ఫైల్‌లోనే వచ్చి చేరుతుంది. ఆప్ట్-కీ వాడమని చెప్పే పేజీ కనిపిస్తే అది పాతదని అర్థం చేసుకుని ప్రాజెక్టు సైట్‌కే వెళ్లి చూడండి.

స్నాప్, ఫ్లాట్‌ప్యాక్

ఇవి డెబ్ కాకుండా ప్రోగ్రాములు ఇచ్చే వేరే రెండు పద్ధతులు. రెండింటి ఉద్దేశం ఒకటే. ప్రోగ్రామ్ తనకు కావాల్సిన లైబ్రరీలు తనతో తెచ్చుకుంటుంది, సిస్టమ్ లైబ్రరీల జోలికి రాదు. పైన చెప్పిన గ్రాఫిక్స్ లైబ్రరీ కథ ఇక్కడ జరగదు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు రూట్‌గా ఏ స్క్రిప్టు పడితే అది నడిపే డెబ్ పద్ధతి కూడా వీటిలో లేదు. ప్రోగ్రామ్‌ను కొంతవరకు గిరిగీసి ఉంచుతాయి. కొంతవరకు అని ఎందుకంటున్నానంటే, స్నాప్‌లో క్లాసిక్ అనే రకానికి ఆ గిరి ఉండదు, ఫ్లాట్‌ప్యాక్‌లో చాలా ప్రోగ్రాములు హోమ్ ఫోల్డర్ మొత్తం చదివే అనుమతి అడుగుతాయి. ఫ్లాట్‌సీల్ అనే ప్రోగ్రామ్‌తో ఆ అనుమతులు చూసి తగ్గించుకోవచ్చు.

తేడా నడిపేవాళ్లలో ఉంది. స్నాప్ స్టోర్ ఒక్కటే, కెనానికల్ నడుపుతుంది, దాని సర్వర్ వైపు కోడ్ బయటికి ఇవ్వలేదు. ఫ్లాట్‌ప్యాక్‌లో ఎవరైనా సొంత రిపో పెట్టుకోవచ్చు, అందరూ వాడేది ఫ్లాట్‌హబ్. మింట్ తన 20వ వెర్షన్ నుంచి స్నాప్‌ను డిఫాల్ట్‌గా ఆపేసింది, ఫ్లాట్‌ప్యాక్ మాత్రం అందులో ముందే ఉంటుంది. ఉబుంటులో స్నాప్ ముందే ఉంటుంది, ఫ్లాట్‌ప్యాక్ మనం పెట్టుకోవాలి.

రెండు చోట్లా ఎవరు పెట్టారన్నది చూడాల్సిందే. 2018 మేలో స్నాప్ స్టోర్‌లో రెండు చిన్న ఆటల్లో క్రిప్టో మైనింగ్ కోడ్ దాచి ఉందని తేలి వాటిని తీసేశారు. ఫ్లాట్‌హబ్‌లో అసలు తయారీదార్లే పెట్టినవాటికి వెరిఫైడ్ గుర్తు ఉంటుంది. మింట్ 22 సాఫ్ట్‌వేర్ మేనేజర్ ఆ గుర్తు లేని ఫ్లాట్‌ప్యాక్‌లను మామూలుగా చూపించనే చూపించదు. ఇది నాకు బాగా నచ్చిన మార్పు. స్నాప్‌లోనూ పబ్లిషర్ పేరు పక్కన గుర్తు చూసి తీసుకోండి. డబ్బుతో సంబంధమున్న ప్రోగ్రామ్ అయితే మరీ జాగ్రత్త.

డేటా సంగతి మన దగ్గర నిజంగా ఆలోచించాల్సింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే విద్యార్థికి మొదటి ఫ్లాట్‌ప్యాక్ బరువుగా అనిపిస్తుంది. చిన్న ప్రోగ్రామ్ అడిగినా దానితో పాటు గ్నోమ్ లేదా కేడీఈ రన్‌టైమ్ (ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాములు తమలో తాము పంచుకునే లైబ్రరీల కట్ట) వస్తుంది, అది వందల ఎంబీలు. తర్వాత అదే రన్‌టైమ్ వాడే ప్రోగ్రాములకు మళ్లీ దిగదు. స్నాప్ రోజుకు నాలుగుసార్లు కొత్త వెర్షన్లు ఉన్నాయేమో తనే చూసి దించుకుంటుంది. హాట్‌స్పాట్ వాడేవాళ్లు నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో దాన్ని మీటర్డ్ కనెక్షన్‌గా పెట్టి, స్నాప్‌లో రీఫ్రెష్ డాట్ మీటర్డ్ అనే సెట్టింగ్‌ను హోల్డ్ చేస్తే ఆగుతుంది. ఫ్లాట్‌ప్యాక్‌లో తెలుగు మెనూలు రాకపోతే కంగారు పడకండి. సిస్టమ్ భాష ఏదో చూసి ఆ భాష ఫైళ్లే దించుకుంటుంది. ఫ్లాట్‌ప్యాక్ కాన్ఫిగ్‌లో భాషల జాబితాకు తెలుగు కోడ్ 'టీఈ' చేర్చి అప్‌డేట్ కొడితే వస్తాయి.

రెండు ప్రోగ్రాములతో తేల్చుకుందాం

జింప్ తీసుకోండి. ఉబుంటు 24.04 రిపోలో 2.10 వెర్షన్ ఉంది. 2025 మార్చిలో 3.0 వచ్చింది. కొత్తది కావాలా? పెళ్లి పత్రిక మీద ఫొటో సరిచేసుకోవడానికి అయితే 2.10 చాలు, ఆప్ట్ నుంచే పెట్టుకోండి. రోజూ డిజైన్ పని చేసేవాళ్లు ఫ్లాట్‌హబ్ నుంచి 3 తెచ్చుకోవడం మేలు, జింప్ ప్రాజెక్టే లినక్స్ వాడేవాళ్లకు ఫ్లాట్‌హబ్‌ను చూపిస్తుంది. దాని కోసం ఎవరిదో పీపీఏ కలిపితే ఎన్నో ఇమేజ్ లైబ్రరీలు మారిపోతాయి. ఇలా పెద్ద డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ కావాలన్న ప్రతిసారీ నా జవాబు ఫ్లాట్‌ప్యాక్.

ఫైర్‌ఫాక్స్ విషయం కొంచెం చిక్కు. 22.04 నుంచి ఉబుంటు దాన్ని స్నాప్‌గానే ఇస్తోంది. ఆప్ట్‌తో ఫైర్‌ఫాక్స్ అడిగినా వచ్చేది పేరుకు మాత్రమే డెబ్, లోపల స్నాప్‌ను పెట్టే ఆదేశం ఉంటుంది. ఆ స్నాప్‌ను పెట్టేది మొజిల్లానే కాబట్టి నమ్మకానికి లోటు లేదు. మీకు దానితో ఇబ్బంది లేకపోతే అలాగే ఉంచండి, ఊరికే మార్చవద్దు. ఆరంభంలో నెమ్మదిగా తెరుచుకోవడం, వాడుకునే ఎక్స్‌టెన్షన్ బయటి ప్రోగ్రామ్‌తో మాట్లాడలేకపోవడం లాంటివి ఉంటే మొజిల్లా సొంత ఆప్ట్ రిపో ఉంది. 2024 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 122తో స్థిరమైన వెర్షన్‌కు కూడా మొదలుపెట్టారు.

రిపో కలిపినంత మాత్రాన మాత్రం పని కాదు. ఉబుంటు పేరుకు ఇచ్చే ఆ డెబ్ వెర్షన్ నంబర్ ముందు '1:' అని ఉంటుంది. దాన్ని ఇపోక్ అంటారు, అది ఉన్న నంబర్ మామూలు నంబర్ ఎంత పెద్దదైనా గెలుస్తుంది. అందుకే చాలామంది మొజిల్లా రిపో కలిపిన కొన్నాళ్లకు మళ్లీ స్నాప్ వచ్చేసిందని వాపోతారు. ప్రిఫరెన్సెస్ ఫోల్డర్‌లో చిన్న ఫైల్ పెట్టి, మొజిల్లా రిపోకు పిన్-ప్రయారిటీ 1000 ఇవ్వాలి. మొజిల్లా పేజీలోనే ఆ మూడు వరుసలూ ఉన్నాయి. ఇంకో జాగ్రత్త: స్నాప్ ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్‌లో ఉంటుంది. స్నాప్ తీసేయకముందే బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు సింక్ చేసుకోండి లేదా ఆ ప్రొఫైల్‌ను కాపీ తీసుకోండి. మింట్ వాడేవాళ్లకు ఈ పనేదీ లేదు, మింట్ తన రిపోలోనే డెబ్ ఇస్తోంది.

పిన్ చేసే సంఖ్యలు ఊరికే వాడకండి. 1000 లేదా అంతకంటే ఎక్కువ ఇస్తే ఆప్ట్ వెర్షన్‌ను వెనక్కి తగ్గించడానికి కూడా వెనుకాడదు. ఒక్క ప్యాకేజీ తప్ప మిగతావి ఏవీ వద్దనుకునే రిపోకు తక్కువ సంఖ్య ఇచ్చి, ఆ ఒక్క ప్యాకేజీకి మాత్రం 500 ఇవ్వడం నేను తరచూ చేసే పని. అలా చేస్తే ఆ రిపోలోని లైబ్రరీలు తమంతట తాము లోపలికి రావు.

ఎవరికి ఏది

ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్‌కు ఎల్‌టీఎస్ (24.04 లాంటి, ఎక్కువకాలం మద్దతు ఉండే విడుదల) పెట్టి, సొంత రిపోలు మాత్రమే ఉంచి, ప్రో ఆన్ చేయండి. ఎల్‌టీఎస్ కాని విడుదలకు మద్దతు 9 నెలలే. ఆ తర్వాత దాని ప్యాకేజీలను ఓల్డ్-రిలీజెస్ సర్వర్‌కు తరలిస్తారు, పాత చిరునామాలో 404 ఎర్రర్లు మొదలవుతాయి. కొత్తదనం కోసం అలాంటిది పెట్టి ఊరికి వెళ్లిపోతే ఇబ్బంది పడేది వాళ్లు.

చదువుకునే పిల్లలకు సీ కంపైలర్, పైథాన్, జావా అన్నీ ఉబుంటు రిపోలోనే ఉన్నాయి. కోర్సులో ఫలానా కొత్త వెర్షనే కావాలంటే దానికి ఆ భాష వాళ్ల సొంత సాధనం హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోవడం, లేదా కంటైనర్‌లో (సిస్టమ్‌ను తాకని విడి గదిలాంటిది) నడుపుకోవడం మంచిది. సిస్టమ్ పైథాన్‌ను పీపీఏతో మార్చవద్దు, ఉబుంటు సాధనాలు చాలా దాని మీదే నడుస్తాయి.

డీటీపీ, వీడియో పని చేసేవాళ్లకు పునాది ఎల్‌టీఎస్, పైన వాడే ప్రోగ్రాములు ఫ్లాట్‌హబ్ నుంచి. ఆఫీసులో పది కంప్యూటర్లు చూసేవాళ్లు ఏ సోర్స్ ఎందుకు కలిపారో తేదీతో సహా ఒక నోట్ రాసి పెట్టుకోవాలి. తర్వాత వచ్చేవాళ్లకు అది దొరికితే ఎంత మేలో చెప్పలేను.

మీ కంప్యూటర్‌లో ఇప్పుడు ఏముందో చూడాలంటే టెర్మినల్‌లో ఆప్ట్ పాలసీ అని కొట్టండి. సోర్సులన్నీ ప్రాధాన్యాలతో సహా వస్తాయి. పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో, తర్వాతి వెర్షన్ ఎక్కడి నుంచి రాబోతోందో చెబుతుంది. ఎందుకు కలిపారో గుర్తురాని సోర్స్ కనిపిస్తే ఫైల్‌లో ఎనేబుల్డ్ అనే వరుసకు 'నో' అని రాసి పది రోజులు చూడండి. ఏమీ లోటు అనిపించకపోతే పర్జ్ చేసేయండి.

మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఆ సాయంత్రం ముందుగా ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాం. పదకొండులో తొమ్మిదింటిని ఒక్కొక్కటే పర్జ్ చేశాం. రెండింటికి చేసేసరికే వాడు కీబోర్డు నా దగ్గర నుంచి తీసుకున్నాడు, మిగతా ఏడూ వాడే చేశాడు. క్రోమ్, ఓబీఎస్ ఉంచాం. జింప్ ఫ్లాట్‌హబ్ నుంచి పెట్టాం. పెదనాన్న వాళ్లింటి వైఫై మీద రాత్రి పదింటికి అప్‌గ్రేడ్ మొదలుపెట్టి పడుకుంటే తెల్లారేసరికి 24.04 లాగిన్ స్క్రీన్ ఉంది. పిన్ని కాఫీ తెచ్చేలోపు వాడు ఆప్ట్ పాలసీ కొట్టి, వచ్చిన ఒక్కో వరుసా చదివి, ఇది ఎవరిది, అది ఎవరిది అని నాకు చెప్పాడు.